ఎర్ర గీత చెరిపేశాక మిగిలిన లెక్క

అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ మూడేళ్లకోసారి కుటుంబాల ఆస్తులు, అప్పుల మీద సర్వే చేస్తుంది. 2022 సర్వేలోని తెల్ల కుటుంబాలన్నిటినీ పేద నుంచి ధనిక దాకా వరుసగా నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబాన్ని చూస్తే, అప్పులు పోను దాని ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబాలను అలాగే నిలబెడితే మధ్య కుటుంబం ఆస్తి 44,900 డాలర్లు. ఆరు రెట్లకు పైగా తేడా. ఆదాయంలో తేడా రెట్టింపు కూడా ఉండదు. కాబట్టి ఈ ఆరు రెట్లు ఈ నెల జీతంలోంచి పుట్టినవి కావు. తాతల నాడు కొన్న ఇంట్లోంచి, కొననివ్వని ఇంట్లోంచి పుట్టినవి.

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చాయి. ఆరు దశాబ్దాలు కావస్తోంది. ఈ దూరం చూసి కొందరు "ఏమీ మారలేదు" అంటారు, ఇంకొందరు "చట్టం మారింది కదా, మిగతాది వాళ్ల తప్పే" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. ఏ యంత్రాంగం ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది విడివిడిగా విప్పి చూస్తే తప్ప ఈ చిక్కుముడి వీడదు.

మారినది చిన్నదేమీ కాదు

మిసిసిపీ రాష్ట్రంలో 1965కి ముందు ఓటర్లుగా నమోదైన నల్లజాతి వయోజనులు 6.7 శాతం. 1967 నాటికి 59.8 శాతం. రెండేళ్లలో ఇంత మార్పు ఎలా సాధ్యమైంది? అంతకుముందూ రాజ్యాంగంలో ఓటు హక్కు ఉంది, 15వ సవరణ వచ్చింది 1870లోనే. కానీ రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్ష అని, ఓటు పన్ను అని అడ్డంకులు పెట్టేవి. ఒకదాన్ని కోర్టు కొట్టేస్తే మరొకటి తెచ్చేవి. ప్రతిసారీ కేసు వేసి, సంవత్సరాల తరబడి తిరిగి, "ఇది వివక్షే" అని రుజువు చేయాల్సిన భారం నష్టపోయిన వాడిదే.

1965 చట్టం ఆ భారాన్ని తిప్పేసింది. 1964 ఎన్నికల నాటికి అలాంటి పరీక్షలు పెట్టి, నమోదు గానీ పోలింగ్ గానీ 50 శాతం లోపు ఉన్న రాష్ట్రాలూ కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) ఎన్నికల నియమాల్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా, పోలింగ్ కేంద్రాన్ని ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చాలన్నా, ముందుగా కేంద్ర న్యాయశాఖ లేదా రాజధాని వాషింగ్టన్‌లోని కేంద్ర కోర్టు అనుమతి తీసుకోవాలి. మార్పు వల్ల హాని లేదని చూపాల్సింది ప్రభుత్వమే. దానికి తోడు కేంద్రం సొంత అధికారులను పంపి ఓటర్లను నమోదు చేయించింది. 1970లో దేశమంతటా 1,469 మంది నల్లజాతి ప్రజాప్రతినిధులు ఉంటే, 2000 నాటికి 9,040 మంది అయ్యారు.

2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఏయే ప్రాంతాలు అనుమతి తీసుకోవాలో నిర్ణయించే ఆ సూత్రం పాతబడిందని కొట్టేసింది. చట్టం పుస్తకంలోనే ఉంది, దాన్ని ఎవరికి వర్తింపజేయాలో చెప్పే జాబితా పోయింది. తీర్పు వచ్చిన కొన్ని గంటల్లోనే టెక్సస్ తన కఠినమైన గుర్తింపు కార్డు నియమాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. నార్త్ కరోలినా 2013లోనే తెచ్చిన ఓటింగ్ ఆంక్షల చట్టాన్ని అప్పీలు కోర్టు కొట్టేసింది 2016లో. మధ్యలో 2014 ఎన్నికలు జరిగిపోయాయి. రుజువు భారం మళ్లీ నష్టపోయినవాడి నెత్తిన పడితే జరిగేది ఇదే: గెలిచేసరికి ఎన్నిక అయిపోతుంది.

మిగతా మార్పులు కూడా లెక్కకు తక్కువేమీ కావు. 1959లో నల్లజాతీయుల్లో 55 శాతం పేదరికంలో ఉండేవారు. ఇటీవల అది 17, 18 శాతం దగ్గర ఉంది. నల్లవారు, తెల్లవారు పెళ్లి చేసుకోవడాన్ని ఒప్పుకునేవారు గ్యాలప్ సర్వేలో 1958లో 4 శాతం, 2021లో 94 శాతం. మనసులు మారాయి. ఆస్తి అంతగా మారలేదు.

ఈ కథలో మన వాటా

తెలుగువారికి ఇది ఎవరిదో గొడవ కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు "తెల్లవారు" కారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు ఇచ్చింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో పలువురి నుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు. 1946లో తలుపు కొద్దిగా తెరిచి ఏడాదికి 100 మంది భారతీయులకు చోటిచ్చారు. 100 వేలు కాదు, 100 మంది. 1965 అక్టోబరు 3న వచ్చిన వలస చట్టం జాతి ప్రాతిపదికగా ఉన్న ఆ కోటాలను ఎత్తేసింది. అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్న నల్లజాతి హక్కుల ఉద్యమం ఒత్తిడితో ఓటు హక్కు చట్టం తెచ్చిన కాంగ్రెసే, రెండు నెలల తేడాలో ఈ చట్టాన్నీ ఆమోదించింది. గుంటూరు నుంచి వెళ్లిన డాక్టరుకైనా, వరంగల్ నుంచి వెళ్లిన ఇంజనీరుకైనా అమెరికా దారి వేసినవాళ్లలో అలబామా నల్లజాతీయులు ఉన్నారు. మన ఇళ్లలో ఈ మాట ఎంత తరచుగా చెప్పుకోవాలో అంత చెప్పుకోవడం లేదు.

ఇల్లు: అన్నిటికీ మూలం

1930ల ముందు అమెరికాలో ఇంటి అప్పు అంటే సగం డబ్బు ముందే కట్టి, మిగతాది అయిదు నుంచి పదేళ్లలో తీర్చాలి, చివరలో పెద్ద మొత్తం ఒకేసారి చెల్లించాలి. మధ్యతరగతికి అది అందని పండు. ఆర్థిక మాంద్యంలో లక్షల ఇళ్లు జప్తుకు వచ్చేసరికి ప్రభుత్వం రెండు సంస్థలు పెట్టింది. 1933లో వచ్చినది మునిగిపోతున్న అప్పులను కొత్త అప్పులుగా మార్చింది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ బ్యాంకులిచ్చే ఇంటి అప్పులకు పూచీ పడింది. పూచీ ఉంది గనక బ్యాంకులు 80 శాతం దాకా, 20 ఏళ్ల గడువుతో అప్పు ఇవ్వసాగాయి. తర్వాత అది 90 శాతం, 30 ఏళ్ల దాకా వెళ్లింది. అమెరికా మధ్యతరగతి పుట్టింది ఇక్కడే.

మొదటి సంస్థ 239 నగరాలకు మ్యాపులు గీయించింది. ప్రతి పేటకూ నాలుగు రంగుల్లో ఒకటి: ఆకుపచ్చ భద్రం, నీలం ఫర్వాలేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదం. నల్లజాతీయులు ఉన్న పేటకు దాదాపుగా ఎరుపే. "రెడ్‌లైనింగ్" అన్న మాట ఈ ఎర్ర గీతల నుంచి వచ్చిందే. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఆ మ్యాపులే అంతా చేశాయనుకోవడం పూర్తి నిజం కాదు. వాటిని గీయించిన సంస్థ నల్లజాతీయులకూ కొన్ని అప్పులు ఇచ్చింది. అసలు దెబ్బ పూచీ పడే సంస్థ నుంచి వచ్చింది. దాని మార్గదర్శక పుస్తకమే పొసగని జాతులు కలిస్తే విలువ పడిపోతుందని రాసి, తెల్లవారికి తప్ప అమ్మకూడదన్న షరతు దస్తావేజుల్లో పెట్టమని సలహా ఇచ్చింది. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డరు తన కొత్త తెల్ల కాలనీకీ పక్కనున్న నల్లజాతి పేటకూ మధ్య ఆరు అడుగుల ఎత్తు, అర మైలు పొడవు కాంక్రీటు గోడ కట్టాడు. ఆ గోడ కట్టాకే పూచీ దొరికింది. అందులో చాలా భాగం ఇప్పటికీ నిలబడి ఉంది.

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 1947 నుంచి కట్టిన లెవిట్‌టౌన్‌ను చూస్తే లెక్క అర్థమవుతుంది. 17 వేలకు పైగా ఇళ్లు, అమ్మకం ధర 7,990 డాలర్లు, ప్రభుత్వ పూచీతో యుద్ధ సైనికులకు ముందు డబ్బు దాదాపు లేకుండానే. తెల్లవారు కానివారు అక్కడ ఉండకూడదని మొదటి అద్దె ఒప్పందాల్లోనే రాశారు. ఆ ఇళ్ల ధర ఇవాళ 5 లక్షల డాలర్లు దాటింది. యుద్ధంలో పోరాడి వచ్చిన తెల్ల సైనికుడి మనవలకు ఆ తేడా కాలేజీ ఫీజయింది, వ్యాపారానికి పెట్టుబడి అయింది, ఉద్యోగం పోయినప్పుడు ఆరు నెలల ఖర్చయింది. అదే యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుడికి? మిసిసిపీలో 1947లో సైనికులకు పూచీ పడిన 3,229 అప్పుల్లో నల్లవారికి దక్కినవి 2.

బ్యాంకు తలుపు మూసుకున్నచోట వడ్డీ వ్యాపారి తలుపు తెరుచుకుంటుంది. షికాగోలో 1950, 60లలో ఇళ్లు కొన్న నల్లజాతీయుల్లో అత్యధికులు "కాంట్రాక్టు" మీద కొన్నారు. "పేటలోకి నల్లవారు వస్తున్నారు, ధర పడిపోతుంది" అని దళారి తెల్లవారిని భయపెట్టి ఇల్లు చవగ్గా కొంటాడు. దాన్నే నల్లజాతి కుటుంబానికి దాదాపు రెట్టింపు ధరకు, ఎక్కువ వడ్డీకి వాయిదాల మీద అమ్ముతాడు. రిజిస్ట్రేషన్ చివరి వాయిదా కట్టాకే. పన్నులు, మరమ్మతులు కొన్నవాడివే, హక్కు మాత్రం అమ్మినవాడిది. ఒక్క వాయిదా తప్పితే కట్టినదంతా పోయి కుటుంబం వీధిన పడుతుంది, ఇల్లు మరొకరికి అమ్ముతారు. ఈ పద్ధతిలో షికాగో నల్లజాతీయులు పోగొట్టుకున్నది నేటి విలువలో 300 నుంచి 400 కోట్ల డాలర్లని 2019లో పరిశోధకులు లెక్కకట్టారు.

1948లోనే సుప్రీంకోర్టు జాతి షరతులను కోర్టులు అమలు చేయకూడదంది. అమలు ఆగింది కానీ అలా రాయడం ఆగలేదు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, గృహ వివక్ష నిషేధ చట్టం మీద సంతకం అయింది. కానీ ఓట్ల కోసం బేరమాడి చట్టం పళ్లు ముందే పీకేశారు. ఫిర్యాదు వస్తే గృహశాఖ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి నచ్చజెప్పగలదు, అంతే. కోర్టు వేసే శిక్షా పరిహారం 1,000 డాలర్లు మించకూడదు. అపార్ట్‌మెంట్ల యజమానికి అది ఖర్చు పద్దు. ఆ పరిమితి తీసేసి శాఖకు విచారణ అధికారం ఇచ్చినది 1988లో. అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి, ఆ ఇరవై ఏళ్లలో శివారు భూముల ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి. 1960లో నల్లజాతి కుటుంబాల్లో దాదాపు 38 శాతానికి సొంతిల్లు ఉండేది, తెల్లవారిలో 65 శాతానికి. ఇప్పుడు సుమారు 45, 74. రెండు పక్షాలూ పెరిగాయి, మధ్య దూరం తగ్గలేదు.

ఇవాళ వివక్ష ఏ రూపంలో ఉంటుంది

"మీకు ఇవ్వం" అని ఇప్పుడెవరూ అనరు. కాబట్టి పట్టుకునే పద్ధతి మారింది. ఒకే ఆదాయం, ఒకే క్రెడిట్ స్కోరు, ఒకే వయసు ఉన్నట్టు చెప్పుకునే ఇద్దరిని, ఒకరు తెల్లవారు, ఇంకొకరు కానివారు, ఒకే ఏజెంటు దగ్గరికి విడివిడిగా పంపి, ఎన్ని ఇళ్ల గురించి చెప్పారు, ఎన్ని చూపించారు అని రాసుకుంటారు. గృహశాఖ 2012లో 28 నగర ప్రాంతాల్లో 8 వేలకు పైగా ఇలాంటి జంట పరీక్షలు చేయించింది. ఇల్లు కొనడానికి వెళ్లిన నల్లవారికి తెల్లవారి కంటే 17.7 శాతం తక్కువ ఇళ్లు చూపించారు. ఆసియా వాసులకు 18.8 శాతం తక్కువ. పరీక్షకు వెళ్లినవాళ్లలో ఎవరికీ అవమానం జరిగినట్టు అనిపించి ఉండదు, ఏజెంటు నవ్వుతూనే మాట్లాడి ఉంటాడు. చూపించని ఇల్లు ఎవరికి కనబడుతుంది?

రెండో చోటు అప్రైజల్. అప్పిచ్చే ముందు బ్యాంకు పంపే అప్రైజర్ దగ్గరలో ఈమధ్య అమ్ముడైన, పోలిక ఉన్న మూడు నాలుగు ఇళ్లను తీసుకుని, విస్తీర్ణం, గదులు, స్థితి తేడాలను కూడి తీసి విలువ కడతారు. వ్యక్తిగత ఇష్టం దూరేది ఆ మూడు ఇళ్ల ఎంపికలోనే. నల్లజాతి పేటలో ఇల్లయితే, అర మైలు దూరంలోని తెల్ల పేట అమ్మకాన్ని వదిలేసి, మూడు మైళ్ల అవతలి నల్లజాతి పేట అమ్మకాన్ని తెచ్చుకోవచ్చు. కాగితం మీద అన్నీ సక్రమమే. బ్యాంకుల నుంచి ఇంటి అప్పులు కొనే ఫ్రెడీ మ్యాక్ సంస్థ 2021లో లక్షల అప్రైజల్స్ చూసి, నల్లజాతి పేటల్లో 12.5 శాతం ఇళ్లకు కొనుగోలు ధర కంటే తక్కువ విలువ వచ్చిందని, తెల్ల పేటల్లో అది 7.4 శాతమని తేల్చింది. విలువ తక్కువొస్తే అప్పు తగ్గుతుంది, తేడా డబ్బు చేతి నుంచి పెట్టుకోవాలి, లేదా బేరం పోతుంది.

ఇలా జరిగినప్పుడు చేయాల్సినవి ఉన్నాయి, అవి తెలుగు కుటుంబాలకూ పనికొస్తాయి. అప్రైజల్ నకలు అడగకుండానే, తయారైన వెంటనే గానీ, క్లోజింగ్‌కు (అప్పు పత్రాల మీద సంతకాలయ్యే రోజుకు) కనీసం మూడు పనిదినాల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు బ్యాంకు ఇవ్వాలి. ముందు చూడాల్సింది అంకెలు: విస్తీర్ణం, పడకగదులు, కొత్తగా చేయించిన పనులు సరిగ్గా రాశారా అని. తర్వాత ఎంచుకున్న ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి, ఎప్పుడు అమ్ముడయ్యాయి అని. అంతకంటే దగ్గర, అంతకంటే కొత్త అమ్మకాలు మూడు నుంచి అయిదు పోగుచేసి, విలువ పునఃపరిశీలించమని బ్యాంకుకు రాతపూర్వకంగా పంపాలి. అప్రైజర్‌కు నేరుగా ఫోన్ చేసి గొడవపడటం ఎక్కువమంది చేసే పొరపాటు. అది ఒత్తిడిగా కనిపించవచ్చు, మన ఫిర్యాదుకే ఎసరు పెట్టవచ్చు. వివక్ష అనిపిస్తే గృహశాఖకు ఫిర్యాదు ఏడాది లోపు, కోర్టులో దావా రెండేళ్ల లోపు. ఉద్యోగంలో వివక్షకు గడువు ఇంకా తక్కువ: 180 రోజులు, రాష్ట్రంలో సొంత సంస్థ ఉంటే 300. నిజమైన కేసులు సాక్ష్యం లేక వీగిపోవడం ఒక ఎత్తయితే, గడువు దాటి పోవడం ఇంకో ఎత్తు.

ఉద్యోగాల సంగతికొస్తే, 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బోస్టన్, షికాగో కంపెనీలకు దాదాపు 5 వేల దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం కొన్ని తెల్లవారివిగా, కొన్ని నల్లవారివిగా ధ్వనించేవి. తెల్ల పేర్లకు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. తర్వాత 108 పెద్ద కంపెనీలకు 83 వేల దరఖాస్తులు పంపిన మరో బృందం అంతకంటే ఉపయోగపడే సంగతి కనిపెట్టింది: వివక్ష అన్ని కంపెనీల్లోనూ సమానంగా పరుచుకుని లేదు, పోయిన పిలుపుల్లో దాదాపు సగం అయిదో వంతు కంపెనీల్లోనే పోయాయి. పరీక్షలు చేసే సిబ్బంది, డబ్బు పరిమితం. వాటిని ఎక్కడ పెట్టాలో ఈ లెక్క చూపిస్తుంది.

ఇక్కడ మనవైపు కూడా చూసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. ఆ చట్టం అవసరమైంది మన దేశం నుంచి వెళ్లినవాళ్ల మధ్యే. జాతి వివక్షకు గురయ్యే చోటే కులం చూసి మనిషిని పక్కన పెట్టడం ఎంత మాత్రం క్షమించరానిది.

ఉమ్మడి భూమి, వేలం పాట

ఇల్లు నగరాల కథ. పల్లెల కథ భూమిది, అది తెలుగువారికి చెప్పకుండానే అర్థమవుతుంది. బానిసత్వం పోయాక దక్షిణాది నల్లజాతీయులు కూలి డబ్బు కూడబెట్టి ఎకరం ఎకరం కొని, 1910 నాటికి సుమారు కోటిన్నర ఎకరాలకు యజమానులయ్యారు. తర్వాతి శతాబ్దంలో అందులో 90 శాతం దాకా చేజారింది. దౌర్జన్యంతో పోయినది కొంత, వ్యవసాయ శాఖ అప్పులివ్వక పోయినది కొంత. నిశ్శబ్దంగా పోయినది ఇంకొంత ఉంది.

కోర్టులంటే భయం, లాయరు దొరకడు, కాబట్టి తాత వీలునామా రాయలేదు. భూమి ఆయన పేరు మీదే ఉండిపోయింది. మూడు తరాలకు వారసులు నలభై మంది, ఒక్కొక్కరికీ విడదీయని వాటా. పేరు మారని భూమి మీద బ్యాంకు అప్పివ్వదు, తుపానులో ఇల్లు కూలితే ప్రభుత్వ సాయం దొరకడం కష్టం. ఊళ్లో ఉన్నవాళ్లు సాగు చేస్తూ పన్ను కడుతుంటారు. రియల్ ఎస్టేట్ వ్యాపారి ఎక్కడో డెట్రాయిట్‌లో ఉన్న దూరపు వారసుడి వాటాను కొద్ది డబ్బుకు కొంటాడు. ఇప్పుడతనూ వాటాదారే. పంపకాల దావా వేస్తాడు. నలభై ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం భూమిని వేలం వేయమంటుంది. రొక్కం ఉన్నది ఒక్క అతని దగ్గరే. సౌత్ కరోలినా సముద్రతీరంలో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా ప్రజల భూములు రిసార్టులుగా మారిన దారుల్లో ఇదొకటి.

2010లో రూపొందించిన ఒక నమూనా చట్టాన్ని ఇప్పటికి ఇరవైకి పైగా రాష్ట్రాలు తీసుకున్నాయి. దాని ప్రకారం కోర్టు ముందు స్వతంత్రంగా విలువ కట్టించాలి. అమ్మకం కోరినవాడి వాటాను ఆ విలువకు కొనుక్కునే మొదటి హక్కు మిగతా వారసులది, చెప్పడానికి 45 రోజుల గడువు. ఎవరూ కొనకపోతే భూమిని ముక్కలుగా పంచడానికే మొగ్గు చూపాలి, తరతరాల అనుబంధాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అమ్మక తప్పకపోతే కోర్టు మెట్ల మీద వేలం బదులు బహిరంగ మార్కెట్లో బ్రోకరు ద్వారా అమ్మాలి. మంచి చట్టం. దీనికీ ఒక లోటుంది: కొనే హక్కు ఇచ్చింది, కొనే డబ్బు ఇవ్వలేదు. పేరు తేలని భూమి తాకట్టు మీద ఆ కొద్ది రోజుల్లో అప్పు ఎవరిస్తారు? అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు దావా రాకముందే వంశవృక్షం రాయించడం, వారసత్వ అఫిడవిట్లు దాఖలు చేయించడం, ఉన్నవాళ్లతో ఇవాళే వీలునామా రాయించడం మీదే ఎక్కువ శ్రమ పెడతారు.

సూత్రంలో దాగిన తప్పు

కొన్నిచోట్ల వివక్ష మనిషిలో కాకుండా అంకెలో ఉంటుంది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి లెక్కకడతారు. 2009 నుంచి ఎక్కువగా వాడిన సూత్రం నల్లజాతి రోగికి వచ్చిన ఫలితాన్ని 1.159తో గుణించేది, నల్లవారికి కండ ఎక్కువుంటుందన్న ఊహతో. కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం లెక్క మొదలవ్వాలంటే ఆ అంకె 20కి దిగాలి. అసలు 18 ఉన్న రోగికి గుణిస్తే 20.9 అవుతుంది. నిరీక్షణ మొదలవదు. ఆ లోపల కిడ్నీ ఇంకా చెడిపోతుంది. 2021లో జాతి ప్రస్తావన లేని కొత్త సూత్రం వచ్చింది, 2022లో మార్పిడి వ్యవస్థ పాతదాన్ని నిషేధించింది. అంతటితో ఆగి ఉంటే రేపటి రోగికి మాత్రమే న్యాయం జరిగేది. 2023 జనవరి నుంచి ఆసుపత్రులు తమ జాబితాలోని ప్రతి నల్లజాతి రోగి పాత పరీక్షలను తిరగేసి, పోయిన కాలాన్ని కలపాలని ఆదేశించారు. 14 వేల మందికి పైగా నిరీక్షణ కాలం సవరించారు. తప్పు ఏ భాగంలో ఉందో కనుక్కోవడం, దాన్ని మార్చడం, జరిగిన నష్టాన్ని లెక్కగట్టి తిరిగివ్వడం మూడూ జరిగిన అరుదైన సందర్భమిది.

మాదకద్రవ్యాల శిక్షల్లో చివరి రెండూ సగం సగంగా జరిగాయి. 1986 చట్టం ప్రకారం 500 గ్రాముల కొకైన్ పొడికి పడే అయిదేళ్ల కనీస శిక్ష, నల్లజాతి పేటల్లో ఎక్కువగా దొరికే క్రాక్ రూపంలో 5 గ్రాములకే పడేది. రెండూ ఒకే మందు. 2010లో 5 గ్రాములను 28 చేశారు, 2018లో పాత ఖైదీలకూ వర్తింపజేసి వేలమంది శిక్ష తగ్గించారు. 18 రెట్ల తేడా ఇంకా మిగిలే ఉంది. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు విషయంలో పని ఇప్పుడే మొదలైంది: రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా మీటరు బాగానే ఉందని చూపడం తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతమని 2020 అధ్యయనం తేల్చింది. కాంతిని నల్లటి చర్మం పీల్చుకోవడం దీనికి ఒక కారణం. మన చర్మపు రంగుకూ ఇది సంబంధించిన సంగతే.

ఇలాంటి దాగిన తప్పులను పట్టడానికి అమెరికా న్యాయంలో ఉన్న ముఖ్య సాధనం, ఉద్దేశంతో పనిలేకుండా ఫలితంలో తేడా ఉంటే దానికి సరైన కారణం చూపమని అడిగే సూత్రం. ఉద్యోగాలకు దాన్ని 1971లో, ఇళ్లకు 2015లో సుప్రీంకోర్టు అంగీకరించింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు ఆ సూత్రం అమలుకు ప్రాధాన్యం తగ్గించమని కేంద్ర సంస్థలను ఆదేశించింది. ఉద్దేశాన్ని రుజువు చేస్తేనే వివక్ష అంటే, 1.159 అన్న అంకెకు ఏ ఉద్దేశం అంటగడతారు?

తిరిగిచ్చే ప్రయత్నాలు

నిషేధం రేపటి నష్టాన్ని ఆపుతుంది. నిన్నటిది? షికాగో పక్కనున్న ఇవాన్‌స్టన్ పట్టణం 2019లో గంజాయి అమ్మకాల పన్ను నుంచి కోటి డాలర్లు కేటాయించింది. 1919, 1969 మధ్య అక్కడ నివసించిన నల్లజాతీయులకు గానీ వారి ప్రత్యక్ష సంతానానికి గానీ 25,000 డాలర్ల చొప్పున ఇస్తోంది. మొదట ఇంటి కొనుగోలుకు, అప్పు తీర్చడానికి, మరమ్మతుకు మాత్రమే అన్నారు. అద్దె ఇంట్లో ఉన్న 80 ఏళ్ల వృద్ధులకు అది పనికిరాలేదు. నగదుగా తీసుకునే వీలు 2023లో చేర్చారు. పన్ను అంచనా కంటే మెల్లగా రావడంతో వరుసలో నిలబడినవాళ్లలో కొందరు డబ్బు చేతికి అందకముందే చనిపోయారు. 2024లో సమాన రక్షణ పేరుతో దాని మీద దావా కూడా పడింది.

రాజధాని కాదు, పశ్చిమ తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రం మరింత పకడ్బందీ దారి పట్టింది. 2024 జనవరి నుంచి అక్కడ ఆస్తి పత్రాల రిజిస్ట్రేషన్ మీద 100 డాలర్ల అదనపు రుసుము ఉంది. ఆ డబ్బుతో, 1968 ఏప్రిల్‌కు ముందు ఆ రాష్ట్రంలో ఉండి దస్తావేజు షరతుల వల్ల ఇల్లు కొనలేకపోయిన వర్గాలకు, వారి సంతానానికి, తొలిసారి ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంట్‌కు వడ్డీలేని అప్పు ఇస్తారు. కోర్టులో నిలబడాలని ముందుగా అధ్యయనం చేయించి, ఏ వర్గానికి ఏ నష్టం జరిగిందో పత్రాలతో చూపించాకే అర్హుల జాబితా రాశారు. నల్లజాతీయులతో పాటు ఆ జాబితాలో భారత సంతతివారూ ఉన్నారు. 1968కి ముందు అక్కడున్న తెలుగువారు బహు కొద్దిమంది కాబట్టి మనవాళ్లలో ఎక్కువమందికి ఆ అప్పు రాదు. రుసుము మాత్రం అక్కడి బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబమూ కడుతుంది.

1950లకు ముందు వేసిన కాలనీలో ఇల్లు కొన్నవారు తమ టైటిల్ రిపోర్టు (ఆస్తి మీద ఎవరికి ఏ హక్కులు, షరతులు ఉన్నాయో చెప్పే పత్రం) చివరి పేజీలు ఒకసారి చదవాలి. తెల్లవారు కానివారు, ఇంటి పనివాళ్లుగా తప్ప, ఈ స్థలంలో నివసించరాదు అన్న వాక్యం అందులో ఉండవచ్చు. మినసోటాలోని హెనెపిన్ కౌంటీ ఒక్కదానిలోనే పరిశోధకులు అలాంటివి 8 వేలకు పైగా వెతికి తీశారు. ఆ షరతు చెల్లదు, అయినా పత్రంలో ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే కౌంటీ ఆడిటర్ కార్యాలయంలో ఒక సవరణ పత్రం ఇవ్వాలి: పాత దస్తావేజు నంబరు రాసి, సంతకం చేసి నోటరీ చేయించి. దానికి రుసుము లేదు.